హాస్టల్ పిల్లల ఓటు ఏ ఊళ్లో?

కొమ్ము నృత్యం అయ్యాక మైకు మా చేతికిచ్చారు. ఆ డోలు హోరు తర్వాత చట్టం మాటలు చప్పగానే ఉంటాయి, కాస్త ఓర్చుకోండి.

మా దగ్గర డిగ్రీ చదివిన ఒకమ్మాయి ఇప్పుడు లా చదువుతోంది. వాళ్ల కాలేజీ న్యాయసేవా క్లినిక్‌లో ఓటరు జాబితాలు, ఎన్నికల చట్టం పని చూసే జట్టులో చేరమన్నారట. మొన్న ఫోన్ చేసింది. "మేడమ్, చేరమంటారా? ఎలక్షన్లంటే పార్టీల గొడవ, వద్దంటున్నాడు నాన్న. సీనియర్ వకీలు దగ్గర కూర్చుంటే కోర్టు పనైనా వస్తుందంటున్నారు" అంది. ఆలోచించుకోమ్మా అని ఫోన్ పెట్టేశాం. అది జవాబు కాదు. జవాబు చెప్పాలంటే ముందు మా తప్పు చెప్పుకోవాలి.

2023 చివర్లో ఆ అమ్మాయి మా హాస్టల్లోనే ఉండేది. సొంతూరు రంపచోడవరం వైపు. ఓటర్ల పేర్లు రాసుకునేవాళ్లు ఇంటికొస్తే "పిల్ల ఊళ్లో ఉండటం లేదు" అని వాళ్లమ్మ నిజమే చెప్పింది. పేరు ఎక్కలేదు. ఇక్కడ అమలాపురంలో రాయించుకుంటానని మా దగ్గరికొస్తే, "నీది ఈ ఊరు కాదు కదమ్మా" అని మేము పంపేశాం. అక్కడ ఉండటం లేదు, ఇక్కడిది కాదు. 2024 మే 13న పోలింగు రోజు తోటి పిల్లలు సిరా వేళ్ల ఫొటోలు గ్రూపులో పెట్టారు. తను ఏమీ పెట్టలేదు.

మేము ట్రైనింగ్ పొందిన టీచర్లం. పొద్దున లేస్తే రిజిస్టర్లూ ఫారాలే మా బతుకు. అయినా ఈ సంగతి తెలుసుకోలేదు: హాస్టల్లో ఉండి చదివే విద్యార్థి ఓటు సొంతూళ్లోనైనా, హాస్టల్ చిరునామాలోనైనా పెట్టుకోవచ్చు. ఫారం 6తో పాటు కాలేజీ ప్రిన్సిపాల్ ఇచ్చే ధ్రువపత్రం చాలు. రెండు చోట్లా మాత్రం ఉండకూడదు. 2022 నుంచి జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు ఒకటో తేదీల్లో దేనికి పద్దెనిమిది నిండినా పేరు ఎక్కించుకోవచ్చు. పదిహేడు దాటితే ముందుగానే దరఖాస్తు పెట్టుకోవచ్చు.

ఏ ఊళ్లో పెట్టుకోవాలన్నది పిల్ల ఇష్టం. ఇక్కడికి మారిస్తే ఏజెన్సీలో ఒక గిరిజన ఓటు తగ్గుతుంది, సొంతూరి సర్పంచి ఎన్నికలో తనకు మాట ఉండదు. అది కూడా చెప్పాకే ఫారం నింపాలి. మేము చెప్పలేదు సరే, నింపనూ లేదు.

క్లినిక్ పిల్లలు చేసేది ఇదే. 1987 న్యాయసేవల చట్టమే లా కాలేజీల్లో ఇలాంటి క్లినిక్‌లను ప్రోత్సహించమంది. అదే చట్టం ప్రకారం ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసాయం అందుతుంది. చదువుకునే పిల్లలు కోర్టులో వాదించలేరు. కానీ ఫారం నింపగలరు, అప్పీలు రాసిపెట్టగలరు. ఓటు తీసేసేముందు మనిషికి చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. తీసేస్తే పదిహేను రోజుల్లో కలెక్టరుకు అప్పీలు చేసుకోవచ్చు. కాలువ గట్టున గుడిసె వేసుకున్న యానాది కుటుంబానికి ఇంటి నంబరు లేకపోయినా ఓటు ఉంటుంది. వాళ్లు రాత్రి అక్కడే పడుకుంటున్నారా లేదా అని అధికారి వచ్చి చూసుకోవాలి, అంతే. గట్టు మీద ఈ మాట ఎవరు చెప్పారు?

పార్టీల గొడవ అన్న ఆ తండ్రికి పార్వతీపురం సంగతి చెప్పాలి. 1957లో అది ఇద్దరు ఎంపీల నియోజకవర్గం. ఒక సీటు ఎస్టీలకు, ఒకటి జనరల్. అందరికంటే ఎక్కువ ఓట్లు బిడ్డిక సత్యనారాయణకు వచ్చాయి, రిజర్వు సీటు ఆయనకు పోయింది. రెండో స్థానంలో దిప్పల సూరి దొర. ఆయనా గిరిజనుడే. మూడో స్థానంలో కేంద్ర మంత్రిగా చేసిన వి.వి. గిరి. తేడా 565 ఓట్లు. రిజర్వు సీటుకు నిలబడ్డ మనిషికి జనరల్ సీటు ఎలా ఇస్తారని గిరిగారు సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. ఎక్కువ ఓట్లు వచ్చిన గిరిజనుడు జనరల్ సీటులోనూ గెలిచినట్టేనని 1959లో కోర్టు తేల్చింది. గిరిగారు తర్వాత రాష్ట్రపతి అయ్యారు. సూరి దొర పేరు మన పిల్లల్లో ఎందరు విన్నారు? ఆ కేసు చదవడానికైనా మన పిల్ల ఆ జట్టులో ఉండాలి. 565 అంటే నాలుగైదు హాస్టళ్ల పిల్లలు.

రాత్రి మళ్లీ ఫోన్ చేశాం. చేరమ్మా, ఏ పార్టీ కండువా దగ్గరికీ పోకు, మీ నాన్నతో మేము మాట్లాడతాం అన్నాం. ఓటు సంగతి కూడా ఎత్తి, తప్పు మాదే అన్నాం. కాసేపు మాట్లాడలేదు. "ఆదివారం వస్తాను మేడమ్, ఫారాలు ఎన్ని కావాలి?" అంది.

పదిహేడు దాటిన పిల్లల పేర్లు రాసిపెట్టాం. ఆదివారం ఆధార్, ఒక ఫొటో తెచ్చుకోండి. ప్రిన్సిపాల్ గారి దగ్గరికి సోమవారం మేమే వస్తాం.