కడిగేసిన కబురు: కీటకాలను చంపే నులిపురుగుల చరిత్ర

భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారిని తలచుకునే సభలో నులిపురుగుల ప్రస్తావన అసందర్భం కాదు. బోదకాలు తెప్పించే ఫైలేరియా పురుగుల మీద నేటికీ వాడుతున్న డైఇథైల్‌కార్బమజైన్ 1947లో ఆయన నాయకత్వంలోని లెడర్లీ పరిశోధనాలయం నుంచే వచ్చింది. ఆ పురుగులు మనిషికి శత్రువులు. నేను మాట్లాడబోయేది వాటి దూరపు చుట్టాల గురించి, పంటను తినే కీటకాలను చంపి రైతుకు మేలు చేసే నులిపురుగుల గురించి. నేను చెప్పదలచినది ఒక్కటే. ఈ నులిపురుగులను పెంచడం మనం బాగానే నేర్చాం. కానీ బయలుదేరే వేళ వాటి చుట్టూ ఉండే రసాయన సందేశాన్ని మాత్రం ఇన్నేళ్లూ నీళ్లలో కలిపేశాం.

ఈ కథకు అసలు మొదలు 1929. అమెరికాలోని న్యూజెర్సీలో ఒక గోల్ఫ్ మైదానం గడ్డి కింద చచ్చిపడిన జపాన్ పెంకుపురుగు పిల్లల్లో రుడాల్ఫ్ గ్లేజర్ ఒక నులిపురుగును చూశాడు. దాన్ని కృత్రిమ ఆహారం మీద పెంచి పొలాల్లో చల్లాడు. అయితే కీటకాన్ని చంపడంలో నులిపురుగు పేగులో దాగిన బ్యాక్టీరియా పాత్ర ఎంతటిదో 1960లలో గాని తెలియలేదు. మన దేశంలో కోయంబత్తూరు చెరకు పొలాల్లో దొరికిన హెటెరోరాబ్డైటిస్ ఇండికా 1992లో శాస్త్రలోకానికి పరిచయమైంది. నేడు వేరుపురుగు మీద వాడుతున్నది దాన్నే.

ఈ జీవి పని తీరు దగ్గరగా చూడదగ్గది. మట్టిలో తిరిగే పిల్లపురుగు పొడవు అర మిల్లీమీటరు. నోరు మూసుకుని ఉంటుంది, ఏమీ తినదు, పాత చర్మాన్నే తొడుగులా కప్పుకుంటుంది. కీటకం నోటి గుండానో శ్వాసరంధ్రాల గుండానో లోపలికి దూరి బ్యాక్టీరియాను వదులుతుంది. రెండు రోజుల్లో కీటకం చస్తుంది. హెటెరోరాబ్డైటిస్ సోకిన శవం ఇటుక రంగుకు తిరిగి చీకట్లో సన్నగా వెలుగుతుంది కూడా. లోపల రెండు మూడు తరాలు గడిచాక వేల సంఖ్యలో పిల్లలు ఒక్కసారిగా బయటపడతాయి. వీటిని పట్టే పద్ధతిని 1927లో వైట్ అనే శాస్త్రవేత్త చెప్పాడు. నీళ్ల గిన్నెలో చిన్న గాజు పళ్లెం బోర్లించి, దానిమీద తడి కాగితం పరిచి, శవాన్ని ఉంచుతారు. పిల్లలు పాకుతూ నీళ్లలోకి దిగుతాయి. ప్రయోగశాలలు నేటికీ ఇదే వాడుతున్నాయి. పిల్లలు శవాన్ని ఎందుకు వదిలిపోతున్నాయన్న ప్రశ్న మాత్రం చాలాకాలం పక్కనే ఉండిపోయింది.

శవం నుంచి నేరుగా మట్టిలోకి వచ్చిన పిల్లలు నీళ్లలో కలిపి పోసినవాటికంటే దూరం పోతున్నాయని 1996లో షపీరో, మరో గ్లేజర్ అనే పరిశోధకులు గమనించారు. అలా ఎందుకన్న ప్రశ్నకు జవాబు వేరే దిక్కు నుంచి వచ్చింది. సీనోరాబ్డైటిస్ ఎలిగాన్స్ అనే స్వేచ్ఛాజీవి నులిపురుగులో, గుంపు పెరిగినప్పుడు పిల్లలను గడ్డుకాలపు దశలోకి మళ్లించే ఫెరొమోన్ అనే రసాయన సందేశం ఉందని 1982లో తేలింది. 2005లో దక్షిణ కొరియా శాస్త్రవేత్తలు దాని నిర్మాణం చెప్పారు. అది ఆస్కరోసైడ్ అనే చక్కెర ఆధారిత పదార్థం. 2012లో ఫ్లోరిడాలో ఫాత్మా కాప్లాన్ బృందం స్టైనర్నీమా ఫెల్టియే సోకిన శవాల్లోనూ ఆస్కరోసైడ్లను గుర్తించింది. శవపు సారం తగిలితే పిల్లలు చెదిరిపోయాయి. నీళ్లలో పట్టి, నీళ్లలో కలిపి పోసేటప్పుడు మనం కడిగేస్తున్న కబురు ఇదే.

ఈ చెదిరిపోవడం ఇరుకువల్లో ఆకలివల్లో జరిగే పారిపోవడమేనని ఒక ఆక్షేపణ ఉంది. ఆ దశలో అవి తినవు కాబట్టి ఆకలి వాదం నిలవదు. శవానికి దూరంగా, వట్టి సారం తగిలినా కదులుతాయి కాబట్టి ఇరుకు ఒక్కటే కారణమనలేం. కార్బన్ డయాక్సైడూ వేళ్ల వాసనలూ దారి చూపుతుంటే మరో సంకేతం దేనికని ఇంకొకరు అడగవచ్చు. పురుగు కొరికిన మొక్కజొన్న వేరు వదిలే కారియోఫిలీన్ వాసన నులిపురుగులను రప్పిస్తుందని 2005లో రుజువైన మాట నిజమే. అయితే అది ఎటు పోవాలో చెబుతుంది, ఇది బయలుదేరమంటుంది. మూడో ఆక్షేపణ గట్టిది. నులిపురుగులను వలవేసి తినే ఆర్థ్రోబోట్రిస్ అనే శిలీంధ్రం ఈ ఆస్కరోసైడ్లనే పసిగట్టి ఉచ్చులు పన్నుతుందని 2013లో తేలింది. అంటే సందేశాన్ని చల్లితే శత్రువుకూ కబురందుతుంది. ఆ నష్టం ఎంతో పొలంలోనే తూచాలి. కానీ వేటగాడు నమ్ముకుని బతికేంత స్థిరమైనది ఆ సంకేతం అన్న సంగతి కూడా అందులోనే ఉంది.

ఫెరొమోన్ సారం కలిపితే మట్టిలో పురుగుల వ్యాప్తీ, చంపే శక్తీ పెరిగాయని 2019లో అమెరికాలో జరిగిన పరీక్షలు చూపాయి. ఆ సారం తేమకు ప్రత్యామ్నాయం కాదు. ఎండిన నేలలో ఏ కబురూ పురుగును నడిపించదు. అయినా పరీక్షించడానికి పెద్ద ఖర్చు లేదు. వేరుశనగ వేరుపురుగు మీద ప్రయోగం పెట్టే యువ పరిశోధకులకు నా విన్నపం ఇదే. ఒక మడిలో నీళ్లలో కలిపిన పురుగులను పోయండి, పక్క మడిలో శవపు సారం కలిపి పోయండి. లెక్కించేటప్పుడు ఎన్ని పోశామన్నది కాదు, ఎంత దూరం వెళ్లాయన్నది రాసుకోండి.