చివరి స్థానం ఖాళీగా లేదు

 

ఈ సభకి నన్ను పిలిచినప్పుడు నిర్వాహకులు ఒకే షరతు పెట్టారు, "ఆరోగ్యమే మహాభాగ్యం" అని మొదలుపెట్టొద్దని. కాబట్టి నేరుగా లెక్కల్లోకి వెళ్తాను. స్ప్రింట్ ట్రయథ్లాన్ అంటే 750 మీటర్ల ఈత, 20 కిలోమీటర్ల సైకిలు, 5 కిలోమీటర్ల పరుగు. మూడూ ఒకదాని వెంట ఒకటి, గడియారం ఆగదు. ఇక్కడ అమెరికాలో ఊరూరా జరిగే పోటీల్లో ఈత అరమైలో పావుమైలో, సైకిలు పన్నెండు మైళ్లో ఉండటమూ ఉంది. అందుకని డబ్బు కట్టేముందు దూరాలు చూసుకోండి. మొదటిసారి దిగేవాళ్లకి గంటన్నర నుంచి రెండు గంటలు పడుతుంది. మన పెళ్లిళ్లలో ముహూర్తానికి ముందు పట్టుచీర కట్టుకుని అంతకన్నా ఎక్కువసేపే నిలబడతాం.

అయినా ట్రయథ్లాన్ అనగానే మన కళ్లముందుకొచ్చేది హవాయి ఐరన్‌మ్యాన్. 1982 ఫిబ్రవరిలో జూలీ మాస్ అనే అమ్మాయి గెలుపు గీత దగ్గర కుప్పకూలి, పాక్కుంటూ పూర్తిచేసిన దృశ్యం టీవీలో ప్రపంచమంతా చూసింది. ఆ పోటీ అంటే 3.8 కిలోమీటర్ల ఈత, 180 కిలోమీటర్ల సైకిలు, ఆపైన పూర్తి మారథాన్. మనం మాట్లాడుకుంటున్నదానికి అది పేరులో మాత్రమే చుట్టం. ఆ ఐరన్‌మ్యాన్ 1978లో మొదలైనప్పుడు బయల్దేరిన పదిహేనుమందీ మగవాళ్లే. మరుసటి ఏడాది లిన్ లెమేర్ ఒక్కతే ఆడమనిషిగా దిగి, మొత్తం మీద అయిదో స్థానంలో వచ్చింది.

ఆడవాళ్లకే ప్రత్యేకంగా స్ప్రింట్ పోటీలు పెద్దయెత్తున నడిపింది 1990లో మొదలైన డాన్‌స్కిన్ సిరీస్. మన సియాటెల్‌లోనే, లేక్ వాషింగ్టన్ ఒడ్డున జెనెసీ పార్కు దగ్గర, వేలమంది ఆడవాళ్లు దిగేవారు. సైకిలు దారి నీటిమీద తేలే ఐ-90 వంతెన మీదుగా పోయేది. ఆ సిరీస్‌కి ముఖంగా నిలిచిన శాలీ ఎడ్వర్డ్స్ మామూలు మనిషి కాదు, ఐరన్‌మ్యాన్‌లలో పేరు మోసిన క్రీడాకారిణి. ఆవిడ ఒక పని నెత్తిన వేసుకుంది. ప్రతి పోటీలోనూ కావాలనే అందరికన్నా వెనక వచ్చేది. ఇంకెవ్వరూ "నేను ఆఖరున వచ్చాను" అని ఇంటికి వెళ్లకూడదని. మొదట రాగలిగిన మనిషి ఆఖరి స్థానాన్ని తనకని అట్టేపెట్టుకోవడం కన్నా గొప్ప ఏర్పాటు క్రీడల్లో నాకు ఇంకోటి కనబడలేదు.

ఇక అసలు సంగతి. పోటీ రోజున ఏం జరుగుతుంది?

అన్నిటికన్నా ఎక్కువమందిని బెదరగొట్టేది నీళ్లు. గోదావరి కాలవల పక్కన పెరిగినవాళ్లు కూడా ఈ గదిలో ఉన్నారు. అన్నదమ్ములు వంతెన మీంచి దూకుతుంటే మనం గట్టున బట్టలకి కాపలా కాశాం. ఈడొచ్చాక ఆ గట్టు కూడా పోయింది. కాబట్టి ఈత రాకపోవడం మన చేతగానితనం కాదు, మనకి నేర్పలేదు, అంతే. గోలి శ్యామల గారు 2021లో పాక్ జలసంధిని ఈదినప్పుడు ఆవిడ నలభైల చివర్లో ఉన్నారు. ఈ గదిలో సగంమంది అంతకన్నా చిన్నవాళ్లే.

కొలనులో హాయిగా ఈదేవాళ్లు కూడా చెరువులో దిగగానే తడబడతారు. దానికి కారణం ఒంట్లోనే ఉంది. చల్లటి నీళ్లు ముఖానికీ ఛాతీకీ తగలగానే ఒళ్లు దానంతటదే ఊపిరి ఎగబీలుస్తుంది, గుండె దడదడలాడుతుంది. ఆ క్షణంలో "నాకు ఈత రాదు, చచ్చిపోతున్నాను" అని మెదడు నమ్మేస్తుంది. ఒకటి రెండు నిమిషాల్లో ఒళ్లు సర్దుకుంటుంది. ఆ రెండు నిమిషాలు ఈదాలని తొందరపడకూడదు. పోటీకి ముందే నీళ్లలో దిగి ముఖం తడుపుకోండి, నీళ్లలోకి ఊపిరి వదలండి. మీ గుంపులో వెనక, అంచున నిలబడి, అందరూ వెళ్లాక బయల్దేరండి. వయసుల వారీగా గుంపులు గుంపులుగా వదులుతారు, ఎవరి సమయం వాళ్లదే. కాలికి కట్టిన చిప్ లెక్కపెడుతుంది, కంగారు అక్కర్లేదు. నీటి అడుగున నల్లగీత ఉండదు కాబట్టి కొన్ని బారలకోసారి తల ఎత్తి నీళ్లమీద తేలే రంగు గుర్తులు (buoys) ఎటున్నాయో చూసుకోవాలి. లేకపోతే ఎదటి ఒడ్డుకి చేరతాం.

అలసిపోతే వెల్లకిలా తిరిగి తేలండి. చుట్టూ కయాక్‌ల మీద కాపలావాళ్లుంటారు. కయాక్ పట్టుకుని ఆగడం నియమాల్లోనే ఉంది, పట్టుకుని ముందుకి సాగకూడదు, అంతే. చెయ్యి ఎత్తడానికి మొహమాటపడేవాళ్లని చూశాను. పెళ్లి విందులో ఇంకొంచెం నెయ్యి అడగడానికి పడే మొహమాటం అక్కడ తెచ్చుకోకండి.

ఒంటి బట్టల గురించి చాలామంది చెవిలో అడుగుతారు, నేను మైకులోనే చెప్తాను. వెట్‌సూట్ మెడ నుంచి మడమ దాకా కప్పుతుంది, పైగా నీళ్లలో తేలుస్తుంది. మన చీరకన్నా అదే నిండుగా ఉంటుంది. నీటి వేడిమి 78 డిగ్రీల ఫారన్‌హీట్ లోపుంటే దానికి అభ్యంతరం లేదు. నెలసరి ఆ రోజే వస్తే పోటీ మానుకోనక్కర్లేదు, మెన్‌స్ట్రువల్ కప్పో టాంపనో ముందే అలవాటు చేసుకోండి. ఏదైనా సరే పోటీ రోజున మొదటిసారి వాడకండి.

ఒక్క మాట మాత్రం నవ్వకుండా చెప్పాలి. ట్రయథ్లాన్‌లలో జరిగిన మరణాల్లో ఎక్కువ భాగం ఈతలోనే, ఎక్కువగా గుండె కారణంగానే. అలాంటివి అరుదు. కానీ మన కుటుంబాల్లో షుగరు, గుండెజబ్బు ఎంత మామూలో మీకు తెలుసు. పేరు నమోదు చేసుకునే ముందు డాక్టరుకి చూపించుకోండి. ఛాతీలో ఏమాత్రం తేడా అనిపించినా ఆగిపోండి.

నీళ్లలోంచి బయటికొచ్చాక ట్రాన్సిషన్, అంటే ఈత నుంచి సైకిలుకి మారే చోటు. వందల సైకిళ్లు వరసగా వేలాడుతుంటాయి, తడి తలతో మనది కనబడదు. పొద్దున్నే వరసలు లెక్కపెట్టుకుని, నీళ్ల వైపు నుంచి నడిచొచ్చి చూసుకోండి. అక్కడ బట్టలు మార్చుకునే గది ఉండదు. వెట్‌సూట్ కింద వేసుకున్న ట్రైసూట్‌తోనే మూడూ అయిపోతాయి. ఒక్క నియమం మరిచిపోవద్దు. ముందు హెల్మెట్ పెట్టి బకిల్ బిగించాలి, ఆ తర్వాతే సైకిలు ముట్టుకోవాలి. సైకిలు ఎక్కడానికి గీసిన గీత దాటేదాకా ఎక్కకూడదు.

సైకిలు గురించి తక్కువే చెప్తాను. ఉన్నదే తీసుకురండి, బ్రేకులు, టైర్లలో గాలి చూపించుకోండి. కుడిపక్కన తొక్కుతూ ఎడమనుంచి దాటాలి. ముందు సైకిలుకి అతుక్కుని పోకూడదు, చెవుల్లో పాటలు ఉండకూడదు. నీళ్లు తాగడానికి, నాలుగు ఖర్జూరాలు నమలడానికి ఇదే చోటు. పొద్దున మాత్రం రెండు ఇడ్లీలు, ఒక అరటిపండు చాలు. పెసరట్టు ఉప్మా పోటీ అయ్యాక.

పరుగు మొదలవగానే కాళ్లు మాట వినవు. తొక్కే తీరుకి అలవాటైన కండరాలు పరుగుకి మళ్లడానికి ఒక కిలోమీటరు పట్టొచ్చు. ఇది దెబ్బ కాదు, అలసట కూడా కాదు. సాధనలో వారానికోసారి సైకిలు దిగిన వెంటనే పది నిమిషాలు పరుగెత్తితే ఆ రోజు ఆశ్చర్యం ఉండదు. నడవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఆడవాళ్లకి విడిగా పోటీ ఎందుకు, ఇది మనల్ని తక్కువ చేయడమేగా అని మా అమ్మాయి వాదిస్తుంది. మొదటిసారికి ఇదే మంచిదని నా అభిప్రాయం. నీళ్లలో మీదపడి తోసుకుపోయేవాళ్లు తక్కువ, పక్కనున్నామె మీ పేరు అడిగి వెళ్తుంది. కానీ రెండోసారి, మూడోసారి కూడా ఇక్కడే ఉండిపోతే మా అమ్మాయి మాటే నిజమవుతుంది. తర్వాతి ఏడాది అందరితో కలిసి దిగండి.

ఈ ప్రాంతంలో పోటీలు ఎక్కువగా వేసవిలోనే. ఈత రానివాళ్లకి చలికాలమంతా చేతిలో ఉంది, నగరపాలక కొలనుల్లో పెద్దవాళ్ల తరగతులు నడుస్తాయి. బయట బల్ల మీద ఒక కాగితం పెట్టాను. కలిసి నేర్చుకోదలచినవాళ్లు పేరు రాసి వెళ్లండి. భోజనాలకి ముందే రాయండి, తర్వాత మరిచిపోతారు.