గాజుకూ వయసొస్తుంది
(రావులపాలెం సభలో చేసిన ప్రసంగ పాఠం)



పాత కిటికీ అద్దాలు కిందికి జారి అడుగున దళసరి అవుతాయంటారు. అది అపోహ. అయితే గాజు మారకపోదు. కరిగిన గాజు చల్లారేటప్పుడు అణువులు కుదురుకోకముందే గట్టిపడుతుంది. తరువాత ఏళ్ల తరబడి అవి మెల్లగా సర్దుకుంటాయి. గాజు రవ్వంత కుదించుకుంటుంది. ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు జూల్ తన థర్మామీటరును 1844 నుంచి 1882 దాకా, 38 ఏళ్లు, గమనించాడు. బుడ్డి కుదించుకుని, కరిగే ఐసులో పాదరసం మొదటికన్నా సుమారు ఒక ఫారెన్‌హీట్ డిగ్రీ ఎక్కువ చూపింది.

గుమాస్తాగా నా సర్వీసూ 38 ఏళ్లే. మొన్న మనవరాలు కరెంటు బిల్లు ఫోనులో కట్టానంటే, రసీదేదని కోప్పడ్డాను. కట్టిన మాట నిజమే. తేడా నా కొలతలోనే ఉంది.

పాత థర్మామీటరును పారేయనక్కరలేదు. ఐసులో పెట్టి సరిచూసుకుంటే చాలు. మనమూ అంతే. సెలవు.