మొసలి ఉన్న నీళ్ల దగ్గర
(సంఘం నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



క్రిందటి నెల ఇదే వేదిక మీద డాక్టరుగారు మోకాళ్ల నొప్పుల గురించి మాట్లాడారు. ఈ నెల మొసళ్ల గురించి అనగానే కొందరు నవ్వారు. నవ్వండి, తప్పులేదు. కాని పిల్లలు ఆస్ట్రేలియాలో ఉన్నవారు చేతులెత్తండి అంటే ఈ హాల్లో పది చేతులైనా లేస్తాయి.

నేను నీటిపారుదల శాఖలో ముప్పై నాలుగేళ్లు పనిచేశాను. అందులో తొమ్మిదేళ్లు నాగార్జునసాగర్‌లో. కృష్ణలో మొసళ్లను చూశాను. మా ఇంటికి చుట్టాలు ఎవరొచ్చినా ఎత్తిపోతలకు తీసుకెళ్లి, అక్కడి మొసళ్ల పెంపకం కేంద్రం చూపించేవాణ్ణి. అందుచేత నీళ్ల గురించీ మొసళ్ల గురించీ నాకొకరు చెప్పనక్కర్లేదన్న ధీమా ఉండేది. ఆ ధీమా ఎలా పోయిందో మనవి చేసుకుంటాను.

మా అమ్మాయి, అల్లుడు అప్పట్లో డార్విన్‌లో ఉండేవారు. అది ఆస్ట్రేలియాకు ఉత్తరపు కొసన, సముద్రం ఒడ్డున ఉన్న ఊరు. 2019 సెప్టెంబరులో నేనూ మా ఆవిడా వెళ్లాం. ఇంటికి పది నిమిషాల నడకలో ఒక వాగు, దాని పక్కన మడచెట్లు. సాయంత్రం నడకకు అటే వెళ్లేవాళ్లం. అక్కడ మొసలి బొమ్మతో పసుపుపచ్చ బోర్డు ఉంది. మన ఆఫీసుల్లో ‘అనుమతి లేనిదే లోపలికి రాకూడదు’ అని ఉండదూ, అలాంటిదే అనుకున్నాను. నీళ్లు చూస్తే మోకాలి లోతు లేవు. అమ్మాయితో బోర్డు సంగతి చెప్పనేలేదు.

కార్తీకమాసం వచ్చింది. మా ఆవిడకు నీళ్లలో దీపం వదలాలని. వరసగా మూడు సాయంత్రాలు అదే చోట దిగి కాళ్లు కడుక్కుని, నెత్తిన నీళ్లు చల్లుకుని వచ్చాం. నవంబరు 12న పౌర్ణమి. అరటిదొప్ప దొరక్క కాగితపు గిన్నెలో వత్తులు పెట్టుకుని, చీకటి పడే వేళకు బయల్దేరాం. వాగు నిండుగా ఉంది. “ఏమండీ, నీళ్లు బాగా వచ్చాయి” అని మా ఆవిడ సంతోషించింది. నేనూ సంతోషించాను! ఆమె వంగి గిన్నె వదలబోతుండగా వెనకనుంచి పెద్ద కేక. గాలం పట్టుకున్న ఒక ముసలాయన పరుగున వచ్చి మా ఆవిడ చెయ్యి పట్టుకుని వెనక్కి లాగేశాడు. నాకు కోపం వచ్చింది. ఆయన వేలు చూపించాడు. నేను కొట్టుకొచ్చిన మొద్దు అనుకున్నది మాకు నాలుగు గజాల్లో ఉంది. చూస్తుండగానే అది మునిగింది. చప్పుడు లేదు, అల కూడా లేదు.

ఆ రాత్రి మా ఆవిడ ఒక్క మాటా అనలేదు. అమ్మాయి మాత్రం “నాన్నా, బోర్డు చదవలేదా?” అంది. ఏం చెప్పను? డార్విన్‌లో పోటుకూ పాటుకూ మధ్య తేడా ఎనిమిది మీటర్ల దాకా ఉంటుంది. పౌర్ణమికీ అమావాస్యకీ మరీ ఎక్కువ. ఆ పోటును ఆసరా చేసుకునే ఉప్పునీటి మొసళ్లు ఈదే శ్రమ లేకుండా వాగుల్లోకి ఎక్కివస్తాయి. నీటిమట్టం కొలవడమే ఉద్యోగంగా బతికినవాణ్ణి, మూడు రోజులుగా మట్టం పెరుగుతుంటే చూసి కూడా ఆలోచించలేదు. పైగా రోజూ అదే వేళకు, అదే చోటికి వెళ్లాం. మొసలి వేటాడే పద్ధతి మాటు వేయడమే. రోజూ ఒకే చోటికి నీళ్లకు వచ్చే జంతువును అది గమనిస్తుంది. ఆ మూడు సాయంత్రాలూ మమ్మల్ని అది చూసే ఉంటుందని నా అనుమానం.

మన కృష్ణలోనూ మంజీరలోనూ ఉండేది మగ్గర్ జాతి. అదీ ప్రమాదకరమే. అక్కడిది మరింత పెద్దది, మగవి ఐదు మీటర్లు దాటుతాయి. పేరుకే ఉప్పునీటి మొసలి, మంచినీటి మడుగుల్లోనూ ఉంటుంది. తోళ్ల కోసం వేటాడి వేటాడి, 1971లో అక్కడి ప్రభుత్వం రక్షణ కల్పించేనాటికి ఆ ప్రాంతంలో సుమారు మూడు వేలు మిగిలాయట. ఇప్పుడు లక్ష వరకూ ఉంటాయని అంచనా. మన దేశంలోనూ 1975లో మొసళ్ల సంరక్షణ పథకం మొదలైంది. ఆ పనిలో ఉద్యోగులకు శిక్షణ ఇచ్చే కేంద్రం మన హైదరాబాదులోనే పెట్టారు. ఈ సంగతి మనలో చాలామందికి తెలియదు.

ఇంత జరిగాక మొసళ్ల విహారానికి వెళ్లావా అని అడుగుతారు. వెళ్లాను. అడిలైడ్ నది మీద పడవల్లో తీసుకెళ్తారు. కర్రకు మాంసం కట్టి నీళ్ల మీద ఆడిస్తే, మొసలి తోక ఊతంతో నిటారుగా పైకి లేస్తుంది. సగానికి పైగా ఒళ్లు గాలిలో ఉంటుంది. అంత బరువైన జంతువు అలా లేస్తుందని చూస్తే గాని నమ్మలేం. పడవ నడిపే ఆమె బయల్దేరకముందే చెప్పింది, చేతులు బయట పెట్టవద్దని, ఫోటో కోసం వంగవద్దని. అందరం బడిపిల్లల్లా కూర్చున్నాం. ఊళ్లో ఒకచోట పారదర్శకమైన గొట్టంలాంటి బోనులో మనిషిని కూర్చోబెట్టి మొసలి ఉన్న తొట్టిలోకి దించుతారు. మా అల్లుడు దిగాడు. “మామయ్యగారూ, మీరూ రండి” అన్నాడు. లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడానికి నేను ఇండియా వెళ్లాలి బాబూ అన్నాను.

నిజానికి ఆ బోనూ ఆ పడవా నన్నంతగా భయపెట్టలేదు. అక్కడ అందరూ జాగ్రత్తగా ఉంటారు. భయమంతా నిర్మలంగా కనిపించే నీళ్ల దగ్గరే. 2002 అక్టోబరులో కకాడు జాతీయ పార్కులో ఒక మడుగులో వెన్నెల రాత్రి కొందరు యాత్రికులు ఈతకు దిగారు. ఏమీ ఫరవాలేదని గైడే చెప్పాడు. ఇరవైమూడేళ్ల జర్మన్ యువతి తిరిగి రాలేదు. కోర్టులో గైడు నేరం ఒప్పుకున్నాడు. అదే పార్కులో ఈస్ట్ ఆలిగేటర్ నదికి అడ్డంగా, నీళ్లు పొర్లే రహదారి ఒకటుంది. పోటు వేళ చేపల కోసం మొసళ్లు అక్కడ గుంపుకడతాయి. 1987లో ఒకరు, 2017లో ఒకరు అక్కడే చనిపోయారు. 2017లో పోయినాయన నడిచి దాటుతున్నాడు. (ఆ నదిలో ఆలిగేటర్లు లేవు. వెనకటికి ఎవరో తెల్ల నావికుడు పొరబడి పెట్టిన పేరు.)

మరి వెళ్లినప్పుడు ఏం చేయాలి? నీటి అంచుకు కనీసం ఐదు మీటర్ల దూరంలో ఉండమని అక్కడి ప్రభుత్వం చెబుతుంది. అంటే మన వయసువాళ్లకు పది అడుగులు వేసేంత దూరం. రాత్రి గుడారం వేసుకుంటే యాభై మీటర్ల దూరంలో వేయాలి. చేపలు కడిగిన నీళ్లు, తినగా మిగిలినవి ఒడ్డున పారేయకూడదు. పులిహోర పొట్లం కాగితమైనా సరే. నీళ్లలో ఏమీ కనిపించడం లేదు కదా అన్న మాటకు అక్కడ విలువలేదు. మొసలి గంటసేపు పైకి రాకుండా ఉండగలదు.

అన్నిటికంటే కష్టం మనకు మరొకటి. నది కనిపిస్తే వంగి నీళ్లు తాకడం, కాళ్లు కడుక్కోవడం, రూపాయి బిళ్ల వేయడం మనకు చిన్నప్పటి నుంచీ అలవాటు. ఆ అలవాటును ఆపే మనిషి పక్కన ఉండాలి. ముందే ఒకరిని ఏర్పాటు చేసుకోండి. చిన్నపిల్లలైతే మరీ మంచిది, మొహమాటం లేకుండా అరుస్తారు.

మన సంఘం పూరీ యాత్రకు వెళ్లినప్పుడు భితర్‌కనిక కూడా చూద్దామని కొందరు అడుగుతున్నారు. ఒడిశాలోని ఆ అడవిలో ఉండేదీ ఇదే ఉప్పునీటి మొసలి. మే నుంచి జూలై దాకా అవి గుడ్లు పెట్టి కాపలా కాసే కాలమని పర్యాటకులను రానివ్వరు. అక్కడి పల్లెల్లో స్నానాల రేవులకు కంచెలు కట్టారు. ఆ ఊళ్లవారికి మొసలి వినోదం కాదు, రోజూ బిందె ముంచేటప్పటి భయం. యాత్ర వేస్తే శీతాకాలంలో వేయాలని కార్యవర్గానికి నా సూచన.

చివరిగా, దీపం ఏమైందని వెనక వరసలోంచి ఎవరో అడిగారు. ఆ రాత్రి పెరట్లో స్టీలు బేసినులో నీళ్లు పోసి అందులో వదిలింది మా ఆవిడ. ఆ తరువాత నాలుగైదు రోజులకు ఆ వాగులో మొసళ్లను పట్టే బోను కట్టారు. అందులో పడిందో లేదో తెలియకుండానే తిరిగి వచ్చేశాం.

టీ వచ్చినట్టుంది. ప్రశ్నలుంటే అక్కడే అడగండి.