ప్యాకెట్ మాంసం - మన మంద, మన ఆరోగ్యం

(అమరాపురంలో జరిగిన సంఘ సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



రైతు సంఘం సమావేశంలో మాంసం గురించి ప్రసంగమేమిటని కొందరికి అనిపించవచ్చు. మన మడకశిర ప్రాంతంలో వాన మొహం చాటేసిన ఏడాది వేరుశనగ చేతికి రాదు. అప్పుడు ఎన్నో ఇళ్లను నిలబెట్టేది గొర్రెల మందే. జనం ఏ మాంసం తింటున్నారు, ఎవరి దగ్గర కొంటున్నారు అన్నది మన బతుకుకు సంబంధించిన విషయమే.

ఇప్పుడు పట్నం దుకాణాల ఫ్రీజర్లలో సాసేజ్, సలామీ, హామ్ ప్యాకెట్లు దొరుకుతున్నాయి. బెంగళూరులో పనులు చేసుకునే మన పిల్లలకు ఇవి కొత్త కాదు. ఇవి తింటే క్యాన్సర్ వస్తుందని కొందరు, అదంతా పుకారని కొందరు అంటున్నారు. అసలు సంగతి చూద్దాం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఒకటుంది. 2015లో 10 దేశాలకు చెందిన 22 మంది నిపుణులు అక్కడ కూర్చుని 800కు పైగా అధ్యయనాలను పరిశీలించారు. ఉప్పు పట్టించి, పొగబెట్టి, రసాయనాలు కలిపి నిల్వ చేసిన మాంసం మనుషుల్లో పెద్దపేగు క్యాన్సర్‌కు కారణమవుతుందని తేల్చారు. దాన్ని మొదటి జాబితాలో చేర్చారు. పొగాకు ఉన్నదీ ఆ జాబితాలోనే.

అయితే ఒక జాబితాలో ఉన్నవన్నీ ఒకే స్థాయి ప్రమాదమని కాదు. రుజువు గట్టిగా ఉందని మాత్రమే దాని అర్థం. మన తోటల్లో పండే వక్క కూడా అందులోనే ఉంది. తడిసి బూజు పట్టిన వేరుశనగ కాయల్లో పుట్టే అఫ్లాటాక్సిన్ విషమూ ఉంది. నచ్చినా నచ్చకపోయినా మన పంటల గురించిన నిజాన్ని కూడా మనం వినాలి.

ముప్పు ఎంత? రోజూ 50 గ్రాముల చొప్పున తింటే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు 18 శాతం పెరుగుతుందని వారి లెక్క. అంటే నూటికి 18 మందికి వస్తుందని కాదు. బ్రిటన్‌లో జీవితకాలంలో నూటికి సుమారు ఆరుగురికి ఈ జబ్బు వస్తుంటే, రోజూ తినేవారిలో అది ఏడుగురు అవుతుంది. మన దేశంలో ఈ జబ్బు అంతకంటే తక్కువ. ప్రపంచం మొత్తం మీద ఏటా సుమారు 34 వేల క్యాన్సర్ మరణాలకు ఇలాంటి మాంసం ఎక్కువగా తినడం కారణమని అంచనా. పొగాకు వల్ల వచ్చే క్యాన్సర్ మరణాలు 10 లక్షలు. కాబట్టి ఎప్పుడో ఒక ముక్క తిన్నవారు భయపడనక్కర్లేదు. రోజూ పిల్లల డబ్బాలో పెట్టి పంపడం మాత్రం తప్పు.

ఎందుకు చెడు చేస్తుంది? మాంసం ఎర్రగా కనబడాలని, విషక్రిములు పెరగకూడదని సోడియం నైట్రైట్ కలుపుతారు. అది మాంసంలోని పదార్థాలతో కలిసి కడుపులో క్యాన్సర్ కారకాలుగా మారగలదు. ప్యాకెట్ వెనక 250 అనే అంకె ఉంటే అదే ఇది. పైగా ఉప్పు. మనిషి రోజుకు 5 గ్రాముల లోపే ఉప్పు తినాలంటారు. చాలా రకాల సాసేజ్‌లలో 100 గ్రాములకు 2 గ్రాముల దాకా ఉప్పే ఉంటుంది. బీపీ ఉన్నవారికి క్యాన్సర్ కంటే ముందు ఇదే ముప్పు.

కోడి సాసేజ్ అయితే ఫరవాలేదా అని అడగవచ్చు. ఆ అధ్యయనాల్లో ఎక్కువ భాగం పంది, గొడ్డు మాంసం పదార్థాల మీద జరిగినవే. కానీ కోడి మాంసమైనా నైట్రైట్, ఉప్పు కలిపి నిల్వ చేస్తే ఆ కోవలోకే వస్తుంది. మన పెద్దలు ఎండబెట్టే ఉప్పుకండ కూడా ఉప్పు పట్టించిన మాంసమే. మనదని మినహాయింపు లేదు. దాన్నీ అప్పుడప్పుడే తినాలి.

మరి మన పొట్టేలు మాంసం? అప్పుడే కోసిన ఎర్ర మాంసాన్ని ఆ నిపుణులు రెండో జాబితాలో, బహుశా కారణం కావచ్చు అన్న వరుసలో పెట్టారు. వారానికి వండిన మాంసం అర కిలో దాటకుండా చూసుకోమని క్యాన్సర్ నిపుణుల సలహా. ఆదివారమో, జాతరకో రాగిముద్దతో నాలుగు ముక్కలు తినే మన ఇళ్లు ఆ హద్దు దాటడం అరుదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార సూచనల్లో తగ్గించమన్నది కూడా ఉప్పు, చక్కెర, నూనె దట్టించి కర్మాగారాల్లో తయారయ్యే తిండినే.

ఇక మన పని. విలువ జోడిస్తేనే లాభమని అధికారులు చెబుతుంటారు. నిజమే. హైదరాబాద్ చెంగిచర్లలోని జాతీయ మాంస పరిశోధన సంస్థ ఆ శిక్షణ ఇస్తుంది, నేర్చుకోదగ్గదే. కానీ విలువ జోడించడమంటే నైట్రైట్ కలపడమొక్కటే కాదు. పశువైద్యుడు పరీక్షించిన మాంసం, శుభ్రమైన చోట కోసి, చల్లగా ఉంచి అమ్మితే అదీ విలువే. నేడు సంతలో మన గొర్రెను కంటి అంచనాతో బేరమాడుతున్నారు, తూకం లేదు. ముందు అక్కడ నష్టం ఆగాలి.

అందుకే మూడు డిమాండ్లు మీ ముందు పెడుతున్నాను. ఒకటి, గొర్రెల సంతలన్నింటిలో తూకపు యంత్రం. రెండు, మండలంలో పశువైద్యుడి పరీక్షతో నడిచే శుభ్రమైన కబేళా. మూడు, ప్యాకెట్ ముందు భాగంలోనే ఉప్పు, నైట్రైట్ గురించి తెలుగులో హెచ్చరిక. నేటి నిబంధనల ప్రకారం ఇంగ్లీషులోనో హిందీలోనో ఉంటే చాలు. మన ఊరి అవ్వ మనవడికి ఏం పెడుతోందో ఆమెకు తెలియాలి కదా!

ఈ డిమాండ్లను ప్రతి గ్రామ కమిటీ చర్చించి, తీర్మానం చేసి పంపాలని కోరుతున్నాను.