నిలిపి ఉంచిన కారు చప్పుళ్లు

 

మనలో చాలామందికి ఊళ్లో నాన్నగారి కారు ఒకటి షెడ్డులో ఉంది. పండగకి వెళ్లి తాళం తిప్పుతాం, ఏదో చప్పుడు వస్తుంది, వెంటనే యాక్సిలరేటర్ తొక్కుతాం. అది మాత్రం వద్దు. నెలల తరబడి నిలిచిన ఇంజన్‌లో ఆయిల్ చాలావరకు కింద సంపులోకి దిగిపోతుంది. పైన వాల్వుల దగ్గర టకటకమనేది అందుకే. కొన్ని సెకన్లలో తగ్గితే భయం లేదు. ఆయిల్ దీపం ఆరకపోతే ఇంజన్ ఆపేయాలి.

క్యామ్‌షాఫ్ట్ వేగం క్రాంక్‌షాఫ్ట్ వేగంలో సగం. కాబట్టి ఒక వాల్వు చేసే టిక్కు ఇంజన్ రెండు చుట్లకు ఒకసారి వినిపిస్తుంది. కింద బేరింగు అరిగితే వచ్చే బరువైన దెబ్బ చుట్టుకొకటి. (మన లెక్కల మాస్టారైతే నిష్పత్తి పాఠం ఇక్కడే మొదలుపెట్టేవారు!) ఆ రెండోది వినిపిస్తే కారు కదపకండి, మెకానిక్‌నే ఇంటికి పిలవండి.

కీచుమంటే చాలాసార్లు బెల్టు. కదలగానే గరగరమంటే బ్రేకు డిస్కుల తుప్పు, నాలుగైదుసార్లు బ్రేకు వేస్తే పోతుంది. అసలు తాళం పెట్టకముందే బానెట్ ఎత్తి, ఎయిర్ ఫిల్టర్ డబ్బాలో ఎలుక కాపురం పెట్టిందేమో, వైర్లు కొరికిందేమో చూడాలి.

వారానికోసారి పెద్దవాళ్ల చేత ఐదు నిమిషాలు స్టార్ట్ చేయించడం నాకు నచ్చదు. ఇంజన్ పూర్తిగా వేడెక్కదు, మండిన పెట్రోలు నుంచి వచ్చే నీటి ఆవిరి ఆయిల్లోనూ సైలెన్సర్లోనూ చేరి నిలుస్తుంది. నడిపితే అరగంట నడపాలి. మనం వెళ్లినప్పుడు అమ్మానాన్నల్ని ఎక్కించుకుని పక్క ఊరిదాకా తిప్పి తేవచ్చు.