చెన్నపట్టణమునకు పెండ్లికి పోవు పెద్దలకు



మన పల్లెలనుండి చెన్నపట్టణమునకు పెండ్లికి పోవు పెద్దలలో పలువురు కల్యాణమండపము తప్ప వేఱేమియు చూడకయే తిరిగి వచ్చుచున్నారు. ముహూర్తము రాత్రి, తిరుగు రైలు మఱునాటి రాత్రి. నడుమ పగలంతయు కుర్చీలలో కునికిపాట్లు పడుచు గడపెదరు. పిల్లలు పిలిచినచో "మాకెందుకు నాయనా, మీరు పోయి రండు" అందురు. ఈ మాట నాకు సమ్మతము కాదు. మరల పోవుదుమను నమ్మకము మన యీడువారికి లేదు గదా! మఱియు, అచ్చట చూడదగినవానిలో పెక్కు మనకు సంబంధించినవే.

మొదట ఎగ్మూరులోని ప్రభుత్వ మ్యూజియమునకు పోవలెను. ఇది 1851లో స్థాపింపబడినది. సెంట్రలు స్టేషనునుండి మెట్రో రైలెక్కినచో ఎగ్మూరు తరువాతి స్టేషనే. శుక్రవారము మ్యూజియము తెఱవరు. గురువారపు ముహూర్తమునకు పోవువారు ఈ సంగతి మఱవరాదు. కృష్ణాతీరమందలి అమరావతీ స్తూపపు ఫలకములు అచ్చట నున్నవి. 1845లో వాల్టర్ ఎలియట్ దొర త్రవ్వించి వానిని చెన్నపురికి చేర్చెను. 1859లో వానిలో చాలభాగము ఓడనెక్కి లండను పోయినది. మిగిలినవే మన కన్నులకు దక్కినవి.

వానిలో గుండ్రని ఫలక మొకటి కలదు. దానిని వెదకి చూడుడు. నాలగిరి యను మదపుటేనుగు వీథిని పడి జనులను తొక్కుచుండును. స్త్రీలు బెదరి ప్రక్కవారిని పట్టుకొందురు. మేడలపైనుండి కొందఱు తొంగి చూతురు. ఆ రాతియందే, కొంచె మీవల, ఆ యేనుగే బుద్ధుని యెదుట మోకరిల్లియుండును. ఒక్క ఫలకమున రెండు క్షణములు! తిరునాళ్లలో ఎద్దు బెదరినప్పటి కలకలము మన మెఱుగనిది కాదు; ఆ శిల్పియు ఎఱిగినవాడే. ఇచ్చట గంటసేపైనను నిలువుడు. తక్కిన గదులను కాళ్లలో సత్తువ యున్న చూడవచ్చును.

మధ్యాహ్నము భోజనమైన పిదప మైలాపూరు పోవుడు. రాయపేట హైరోడ్డుపై పొట్టి శ్రీరాములుగారు ప్రాణము విడిచిన యిల్లు నేడు స్మారకముగా నున్నది. 1952 అక్టోబరు 19న నిరాహారదీక్ష బూని, డిసెంబరు 15 రాత్రి ఆయన అస్తమించెను. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్ర మేర్పడెను. చూచుటకు అది సామాన్యపు టిల్లే. వెంట మనుమలున్నచో ఆ కథను అచ్చటనే చెప్పుడు. ఇంటికి వచ్చిన పిదప వారు వినరు.

కోటను దూరమునుండి చూచినను చాలును. 1639లో దానికి చోటిచ్చినవారు దామెర్ల నాయకులు. వారి తండ్రి చెన్నప్ప పేరనే ఈ పట్టణమునకు చెన్నపట్టణమను పేరు వచ్చెనందురు. పెద్ద దుకాణముల మాట నేను చెప్పనక్కఱలేదు. అడుగకున్నను మిమ్ము అచ్చటికి గొనిపోవువా రుందురు.

సాయంకాలము తిరువల్లికేణి పార్థసారథిస్వామి కోవెలకు పోవుడు. మధ్యాహ్నవేళ తలుపులు మూయుదురు. మూలమూర్తికి మీసములుండుట అచ్చటి విశేషము. కోవెలనుండి సముద్రము దగ్గఱనే. గట్టున కూర్చుండి గాలి పీల్చుడు గాని నీట దిగవలదు. అచ్చటి అలలు ఈతగాండ్రను సైతము లోనికి లాగుకొనిపోవును.

ఒక్కటి మాత్రము ముందునాడే చేయుడు. మండపపు చిరునామాను, పెండ్లివారి ఫోను నంబరును ఒక చీటిపై అరవమున వ్రాయించుకొని జేబులో నుంచుకొనుడు. ఆటోవానికి ఆ చీటి చూపిన చాలును.